త్రో లైన్: మూడు సీజన్లు మామిడి, చింత చెట్ల మీద వాడాక

చెట్టెక్కే తాడును ఎత్తు కొమ్మ మీదికి లాక్కోవడానికి, కొసన బరువు సంచి కట్టి విసిరే సన్నదారమే త్రో లైన్. మూడు మామిడి సీజన్లు, మధ్యలో రెండు చింతకాయ కాలాలు వాడాక తేలింది ఇది. త్రో లైన్ సెట్టు కొనేటప్పుడు డబ్బు ముందు సన్నటి నున్నటి దారం మీద పెట్టాలి, ఆ తర్వాత దాన్ని పోసి ఉంచే బకెట్టు మీద పెట్టాలి. సంచిని ఎత్తుకు కొట్టడానికి కర్రకు బిగించే పెద్ద ఉండేలు చాలామందికి అక్కర్లేదు. విసరడం పది రోజుల్లో వస్తుంది. చిక్కు పడకుండా దారం నడపడం, ఇరుక్కున్న సంచిని విడిపించడం పట్టుబడాలంటే మాత్రం ఒక సీజన్ అంతా పడుతుంది.

సామాను చిన్నదే. 60 మీటర్ల సన్నదారం, దాని కొసన 300 గ్రాముల పైచిలుకు బరువున్న చిన్న సంచి. సంచిని బలమైన కొమ్మ పంగ మీదుగా విసిరి అవతల దించుకోవాలి, ఆ దారంతో ఎక్కే తాడును పైకి లాక్కోవాలి. చంద్రగిరి, పాకాల వైపు ముదురు మామిడి తోపుల్లో పంగలు మరీ ఎత్తులో ఉండవు కాబట్టి నిచ్చెనతోనే సగం పని అయిపోతుంది. పలమనేరు, పుంగనూరు దారుల్లోని పాత చింతమాన్లకు, తిరుపతి వీధుల్లోని నిద్రగన్నేరు చెట్లకు నిచ్చెన చాలదు. దీని విలువ అక్కడ తెలుస్తుంది.

దారం అని హార్డ్‌వేర్ షాపులో అడిగితే మేస్త్రీలు గోడ సూటికి కట్టే నైలాను దారం చేతిలో పెడతారు. అది వద్దు. సాగుతుంది, మెలి పడుతుంది, బెరడును పట్టుకుంటుంది. సంచి ఇరుక్కుందని గట్టిగా లాగితే రబ్బరులా సాగి, విడివడిన క్షణంలో సంచిని మొహం మీదికి తెస్తుంది. 3 మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ అల్లిక దారం అంతకంటే నయం, చౌక, చేతికి పట్టు దొరుకుతుంది. కానీ చుట్టి పెట్టిన వంపు దాన్ని వదలదు. విసిరితే ఉంగరాలు ఉంగరాలుగా లేచి ప్రతి రెమ్మకూ తగులుకుంటుంది. చివరికి మా దగ్గర నిలిచింది 1.75 మిల్లీమీటర్ల డైనీమా (చాలా గట్టి పాలిథిలీన్ పోగు) రకం దారం. సాగదు, జారుతుంది, నీళ్లు పీల్చదు, వంద కిలోల పైన లాగినా ఓర్చుకుంటుంది. అంత బలముందని దాని మీద మనిషి వేలాడకూడదు; అది తాడును లాగే దారమే తప్ప ఎక్కే తాడు కాదు. దాని దోషాలు రెండు. లాగేటప్పుడు చెయ్యి కోస్తుంది, మామూలు ముడులు దాని మీద జారిపోతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు 2.2 మిల్లీమీటర్లది తీసుకుంటే చేతికి కొంత సుఖం. రంగు నారింజ గానీ గులాబీ గానీ ఉండాలి. ఆకుపచ్చ దారం చింతాకుల్లో కలిసిపోయి ఏ రెమ్మ మీద పడిందో కనిపించదు.

60 మీటర్లు ఎందుకంటే, 18 మీటర్ల పంగ మీదికి పోయి కిందికి రావడానికే 36 కావాలి. విసిరేవాడు దూరంగా నిలబడతాడు, ఇరుక్కుంటే అటూ ఇటూ నడిచి లాగాలి. పంగ ఎత్తుకు మూడింతల దారం ఉంటేనే ఊపిరాడుతుంది.

సంచి బరువు చెట్టును బట్టి మారుతుంది. సంచి కొమ్మ దాటాక తన బరువుతోనే దారాన్ని లాక్కుంటూ కిందికి దిగాలి, లేకపోతే గాల్లో వేలాడుతూ ఉండిపోతుంది. మామిడికి 280 గ్రాములు సరిపోతాయి. చింత బెరడు పగుళ్లు పగుళ్లుగా గరుకుగా ఉంటుంది కనుక 340, లావు దారమైతే 400 దాకా కావాలి. అంతకు మించితే ఎత్తు అందదు, భుజం నొప్పి మిగులుతుంది. ఇంట్లో కుట్టుకోవాలంటే మందపాటి కాన్వాసు, సైకిల్ షాపులో దొరికే ఇనుప బాల్స్ మంచి జోడీ. సన్నగా, పొడుగ్గా, వంకాయ ఆకారంలో కుట్టాలి. ఇసుక నింపితే అదే బరువుకు సంచి లావై పంగలో దిగదు. సీసపు గుండ్లు ఇంకా చిన్న సంచిలో పడతాయి గానీ సీసం విషం, కుట్టు ఊడిన సంచిని పిల్లల దగ్గర పడేయకూడదు. నట్టో రాయో కట్టి విసరడం అసలు వద్దు. నట్టు పంగలో కొక్కెంలా పడుతుంది, రాయి ముడిలోంచి జారి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

సంచి రింగుకు కట్టే ముడి ఇలా. దారాన్ని రింగులో రెండు చుట్లు తిప్పి, అసలు దారం మీదుగా కొసను తెచ్చి ఆ రెండు చుట్ల కిందుగా దూర్చి బిగించాలి. పైన ఇంకో అరముడి. నాలుగు వేళ్ల తోక వదలాలి. ఈ నున్నటి దారం మీద మామూలు ముడి వేస్తే ఐదారు విసుర్లకే సంచి ఒక దారి, దారం ఒక దారి.

ఇక బకెట్టు. దారాన్ని మోచేయికీ బొటనవేలికీ మధ్య చుట్టే అలవాటు మానుకోవాలి. ఒక్కో చుట్టుకు ఒక్కో మెలి చొప్పున దారంలో చేరి, విసిరినప్పుడు అన్నీ ఒకేసారి బయటికొస్తాయి. ఖాళీ 20 లీటర్ల పెయింటు బకెట్టు కడిగి, అందులో రెండు చేతులతో మార్చి మార్చి వదులుగా పోసుకుంటూ పోవాలి. అంతే, అమర్చకూడదు, నొక్కకూడదు. అడుగున ఉండే కొసను బకెట్టు పిడికి కట్టేస్తే ఎత్తుకు విసిరినప్పుడు దారమంతా చెట్టెక్కిపోకుండా ఉంటుంది. మడిచే గుడ్డ పెట్టెలు విడిగా అమ్ముతారు. అవి వెడల్పు కాబట్టి దారం ఇంకా బాగా లేస్తుంది. మామిడికాయల క్రేటు చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ, దాని కంతల్లో దారం దూరుతుంది. నేల మీద పోస్తే పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు పట్టుకుంటాయి. దారం కంటే వాటిని తీయడమే పెద్ద పని.

విసురుకు రెండు పద్ధతులు. 8, 10 మీటర్ల దాకా ఒంటిచేత్తో కింద నుంచి ఊపి వదలడం చాలు. ఎత్తు పెరిగితే ఉయ్యాల విసురు. దారాన్ని మడతపెట్టి సంచి రింగులోంచి దూర్చి, ఆ మడతను ఒక చేత్తో, సంచికి కట్టిన దారాన్ని ఇంకో చేత్తో పట్టుకుంటే సంచి రెండు దారాల నడుమ వేలాడుతుంది. చేతులు కిందికి చాపినప్పుడు అది నేలకు జానెడు పైన ఉండాలి. కాళ్లు ఎడంగా పెట్టి, రెండు కాళ్ల మధ్యగా రెండు సార్లు ఊపి, మూడోసారి చేతులు కళ్ల ఎత్తుకు రాగానే రెండూ ఒక్కసారే వదలాలి. ముందే వదిలితే సంచి బాణంలా ముందుకు పోతుంది. ఆలస్యమైతే నిట్టనిలువుగా లేచి వెనక మన మీదే పడుతుంది, అందుకే హెల్మెట్ లేకుండా మొదలుపెట్టకూడదు. చేన్లో వడిసెల తిప్పిన అలవాటున్నవాళ్లు దీన్నీ గిరగిరా తిప్పబోతారు. ఇక్కడ తిప్పడం లేదు, ఊపడమే. గురి పంగకు కాదు, దానికి మీటరు పైన ఉండే ఖాళీకి పెట్టాలి.

ఎవరూ చెప్పని భాగం బ్రేకు. సంచి కొమ్మ దాటిన వెంటనే, ఎగిరిపోతున్న దారాన్ని రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కాలి. వేగం చచ్చి సంచి నిటారుగా దిగుతుంది. నొక్కకపోతే దూరంగా పోయి అవతలి రెమ్మల మీదుగా పడుతుంది. గట్టిగా పట్టేస్తే లోలకంలా వెనక్కి ఊగి కొమ్మకు రెండు చుట్లు చుట్టుకుంటుంది. ఇరుక్కోవడాల్లో సగం ఈ చుట్ల వల్లే.

ఇరుక్కుంటే మొదటి నియమం, గుంజకూడదు. ఎంత గుంజితే అంత లోతుగా పంగలో దిగబడుతుంది. దారాన్ని బిగుతుగా పట్టి తంబుర తీగలా మీటండి. ఆ అదురుకే చాలాసార్లు సంచి ఒక్క అంగుళం పైకి లేచి ఊడుతుంది. లేకపోతే దారం వదులు చేసి, చెట్టు చుట్టూ నడిచి, సంచి వచ్చిన దిక్కుకు ఎదురుగా లాగండి. అప్పటికీ రాకపోతే అడుగు పొడవు కర్రకు దారం చుట్టి, పక్కకు తిరిగి, మొహం అవతల పెట్టి మెల్లగా బరువు పెంచండి. అరచేతికి మాత్రం చుట్టుకోవద్దు, 1.75 దారం ఎముక దాకా దిగుతుంది. సంచి కిందికి దిగాక దారాన్ని వెనక్కి తీసుకోవాలంటే సంచి విప్పేసి ఉత్త కొసను లాగండి. సంచితో పాటు వెనక్కి లాగడం కొత్తవాళ్లు రోజూ చేసే తప్పు.

సంచి పంగ మీదుగా పోయినా, బయటి చిన్న రెమ్మల మీదుగా కూడా పోయి ఉంటే తాడు అక్కడ పనికిరాదు. మళ్లీ విసరక్కర్లేదు. సంచిని పైకి లాగి, అడ్డొచ్చిన రెమ్మ దాటగానే ఆపి, ఊపి లోపలి వైపు దించాలి. కుదరకపోతే సంచిని ఇవతలి కొసకు మార్చి అటు నుంచి లాగుతూ సర్దాలి. రెండో సంచి ఉంటే రెండు కొసలకూ కట్టుకుని అటూ ఇటూ ఆడించవచ్చు. ఉండేలుకు పెట్టే డబ్బులో రెండో సంచి, రెండో దారం రెండూ వస్తాయి. 20 మీటర్లు దాటే నీలగిరి చెట్ల పని రోజూ ఉన్నవాళ్లకే ఉండేలు.

తాడు లాగేటప్పుడు దాని కొస మొద్దుగా ఉంటే పంగలో ఆగిపోతుంది. కొస నుంచి బెత్తెడు వదిలి దారంతో బిగించి, అక్కడి నుంచి కొస దాకా మూడు అరముళ్లు వరసగా వేసి, పైన టేపు చుడితే నాగలి మొనలా జారుతుంది. తాడు ఎక్కాక వెంటనే ఎక్కవద్దు. తాడు రెండో కొసను మాను మొదట్లో కట్టి ఎక్కే పద్ధతిలో పంగ మీద పడే బరువు మనిషి బరువుకు దాదాపు రెట్టింపు. కాబట్టి ముందు ఇద్దరు కలిసి వేలాడి, కుదిపి చూడాలి. మామిడిలో కాండం తొలిచే పురుగు కన్నాలు, కింద రాలిన పొట్టు కనిపిస్తే ఆ కొమ్మ వదిలేయాలి, ఆకు ఎంత పచ్చగా ఉన్నా సరే. మునగ, గుల్మొహర్ కొమ్మలను తాడుకు నమ్మనే వద్దు.

విసిరే ముందు రెండు చూడాలి. ఒకటి పెద్ద తేనెతుట్టె: నిద్రగన్నేరు, మర్రి, చింత మాన్లలో కొమ్మ అడుగున నల్లటి గుడ్డ కట్టినట్టు వేలాడుతుంది. ఆ చెట్టుకు ఆ రోజు నమస్కారం పెట్టి రావాలి. రెండోది కరెంటు తీగ. దారం ఎంత పొడిగా ఉన్నా సరే, సంచి ఎగిరి పడే దూరంలో 11 కేవీ లైను ఉంటే లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపించడం) తీసుకున్నాకే విసరాలి.

అరుగుదల విషయానికొస్తే, దారాన్ని తినేది బెరడు కంటే ఎర్రమట్టి. ముసురు రోజుల్లో మట్టి అల్లికలోకి పోయి లోపల ఆకురాయిలా పనిచేస్తుంది. నెలకోసారి సబ్బునీళ్లలో జాడించి నీడన ఆరేయాలి. మామిడి సొన అంటితే అదే రోజు తడిగుడ్డతో తుడవాలి, ఆరితే ఆ భాగం జారదు. ఎండ తగిలే జీపు డాష్‌బోర్డు మీద పెట్టకూడదు. ఈ దారం వేడికి త్వరగా కరుగుతుంది, కాబట్టి దాని మీదుగా తాడును వేగంగా రాపిడి పెట్టి లాగకూడదు కూడా. మా దారంలో మొదట పోయింది సంచి వైపు 2 మీటర్లు. ముడి విప్పి కోసి మళ్లీ కట్టుకుంటే సరిపోయింది. నడుమ పోగు లేస్తే మాత్రం ముడివేసి అతికించవద్దు, ఆ ముడే రేపు పంగలో ఇరుక్కుంటుంది. అక్కడ కోసేసి, 25 మీటర్ల పైన మిగిలిన ముక్కను మామిడి తోపుకు వేరే బకెట్లో వేసుకోవచ్చు. అంతకంటే పొట్టివి పైనున్నవాడు రంపం లాక్కోవడానికి వస్తాయి.