పళ్ల డాక్టరు, పాయింట్ త్రీ టూ పిస్టల్, పది సెషన్లు

సూది ఇంకా చిగుళ్ల దగ్గరికి రాకముందే కుర్చీలో కొయ్యబారిపోయే పేషెంట్లను ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాను. "ఇంకా ఏమీ చెయ్యలేదు కదమ్మా" అంటాను. "తెలుసు డాక్టర్" అంటారు, మళ్లీ బిగుసుకుంటారు. పోయిన నెలలో ఒక శనివారం పొద్దున, బెంగళూరులో యలహంక దాటాక ఉన్న ఒక షూటింగ్ రేంజిలో మా కోచ్ నన్ను అదే మాట అన్నాడు. "ఇంకా ఏమీ పేల్లేదు కదా డాక్టరే!"

ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు దేనికి రివ్యూ రాస్తున్నానో చెప్పాలి కదా. నేను వెళ్లే రేంజిలో 'సెంటర్‌ఫైర్ ప్యాకేజీ' అని ఒకటుంది, అంటే రౌండు అడుగున నడిమధ్యన కొడితే పేలే .32 పిస్టల్‌తో శిక్షణ. పది సెషన్లు, ఒక్కోటి గంటన్నర. పిస్టల్ క్లబ్బుది, సెషన్‌కి నలభై రౌండ్లు, పక్కన కోచ్. ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో కాల్చేది), .22 (చిన్న గుండు పిస్టల్) దాటిన వాళ్లకే ఇస్తారు. రేంజి పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద కొన్ని తిట్లు ఉన్నాయి, వచ్చే శనివారం మళ్లీ నేను అక్కడికే పోవాలి.

నాది మదనపల్లె, క్లినిక్ కె.ఆర్.పురంలో. 2024లో పారిస్‌లో మనూ భాకర్ రెండు కాంస్యాలు గెలిచిన తర్వాత ఈ రేంజిలో చేరిన గుంపులో నేనూ ఒకణ్ణి. గుంపులో అందరికీ పదమూడు, పద్నాలుగేళ్లు. నాకు నలభై ఏడు. ఏడాది పాటు ఎయిర్ పిస్టల్, ఆర్నెల్లు .22, ఇప్పుడు ఇది. మా అమ్మ ఫోన్లో, "ఏం నాయనా, జనాల పండ్లు పీకేది చాల్లేదా, తుపాకీ కూడా పట్టినావంట?" అంది. ఇంట్లో ఆవిడ మాత్రం ఫీజు ఎంతో అడిగి ఊరుకుంది. ఎంత అని ఇక్కడ రాయను, ఆవిడకు నేను చెప్పిన అంకె వేరు. .22 రౌండు ధరకీ .32 రౌండు ధరకీ పోలికే లేదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట. సినిమా హీరో నడుముకి దోపుకునే 9 ఎం.ఎం. మన దేశంలో మామూలు పౌరుడికి రాదు, అది నిషిద్ధ బోరు (గొట్టం లోపలి కొలత) కింద లెక్క. అందుకే ఇక్కడ 'పెద్ద' పిస్టల్ అంటే ఎక్కువగా .32 దగ్గరే ఆగుతుంది. .177 బోరు లోపల, 20 జౌళ్ల లోపల శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదు. .22 నుంచి పైకి లైసెన్సు ఉండాలి, 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుడి దగ్గర రెండు తుపాకులకి మించి ఉండకూడదు. నాకు లైసెన్సు లేదు, తీసుకునే ఆలోచనా లేదు. క్లబ్బు గన్ను, క్లబ్బు గోడల మధ్య, కోచ్ కళ్ల ముందు. నేను ఇంటికి తెచ్చుకునేది ముంజేతి నొప్పి, వేళ్ల మీద మసి.

ఆ మసి గురించి కూడా చెప్పాలి, డాక్టర్ని కాబట్టి. అందులో సీసం ఉంటుంది. కాల్చిన చేత్తో ముఖం తుడుచుకోవద్దు, రేంజిలో ఏమీ తినొద్దు, బయటికి రాగానే సబ్బుతో చల్లటి నీళ్లలో చేతులు కడుక్కోవాలి. మా దగ్గర సింకు ఉంది, సబ్బు నేను తీసుకెళ్తున్నాను.

ఇక గన్ను. ఇటలీ వాళ్ల పార్డినీ హెచ్.పి. చూడ్డానికి పిస్టల్ కంటే కుట్టుమిషను విడిభాగంలా ఉంటుంది. మ్యాగజైన్ పిడిలోకి కాకుండా ట్రిగ్గరుకి ముందు దూరుతుంది, అందులో ఐదు రౌండ్లు. దానివల్ల బరువు ముందుకి పోయి గొట్టం మూతి నిలకడగా ఉంటుంది. గొట్టం కూడా చేతికి బాగా దగ్గరగా, కిందికి ఉంటుంది, కాబట్టి పేలినప్పుడు వెనక్కి తన్నినా పైకి ఎగరడం తక్కువ, నేరుగా భుజంలోకి వస్తుంది. పిడి అక్రోటు కర్ర, అరచేయి కింద ఒక చిన్న అరుగు, దాన్ని స్క్రూతో పైకీ కిందికీ జరుపుకోవచ్చు. మొదటిసారి పట్టుకున్నప్పుడు ఎవరో నాతో గట్టిగా కరచాలనం చేసినట్టు అనిపించింది.

ఈ రౌండ్లు చూసి నవ్వొచ్చింది. ఇత్తడి గొట్టంలోంచి సీసం మొన బయటికి రాదు, అంచుతో సమంగా లోపలే ఆగిపోతుంది. మెడ లేని మనిషిలా ఉంటుంది. పేరు వాడ్‌కట్టర్. మొన బల్లపరుపుగా ఉండటం వల్ల కాగితాన్ని చింపకుండా, ఆఫీసు పంచింగ్ మిషను వేసినట్టు గుండ్రంగా చిల్లు పెడుతుంది, స్కోరు దగ్గర గొడవ ఉండదు. బరువు 98 గ్రెయిన్లు, అంటే ఆరు గ్రాముల పైచిలుకు. .22 గుండు 40 గ్రెయిన్లే, రెండున్నర గ్రాములు. ఎయిర్ పిస్టల్ పెల్లెట్ అరగ్రాము. అరగ్రాము నుంచి ఆరుగ్రాములకి వచ్చేటప్పటికి చెయ్యి కంటే ముందు మెదడు కంగారు పడుతుంది.

ట్రిగ్గరు బరువు .22కీ దీనికీ ఒకటే, పోటీ నిబంధన ప్రకారం కనీసం కిలో. కాబట్టి వేలు నేర్చుకోవాల్సింది ఏమీ లేదు అనుకున్నాను.

మొదటి సెషన్, మొదటి రౌండు. 25 మీటర్ల దూరంలో ప్రెసిషన్ (నింపాదిగా గురి చూసి కాల్చే) టార్గెట్, పది పాయింట్ల వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. ఊపిరి సగం వదిలి, ఫ్రంట్ సైట్ (గొట్టం చివర గురి ముక్క) మీద చూపు పెట్టి నొక్కుకుంటూ పోయాను. పేలింది. షెడ్డు మొత్తం మోగింది, పళ్లు కూడా (నా పళ్లే). మానిటర్ చూస్తే పది! నేను కోచ్ వైపు చూశాను. ఆయన నవ్వలేదు. "ఇప్పుడు చూడండి" అన్నాడు. రెండోది ఏడు. మూడోది ఐదు. నాలుగోది, ఐదోది చెప్పను. అన్నీ కిందికి, ఎడమకి, గడియారంలో ఏడు గంటల వైపు. మొదటిదానికి అది ఎలా తంతుందో నాకు తెలియదు కాబట్టి పది పడింది. తెలిసిన మరుక్షణం నుంచి చెడిపోయింది.

మా కోచ్ కోలారు మనిషి, రిటైర్డ్ హవల్దార్. కన్నడంలో తెలుగు, తెలుగులో కన్నడం కలుపుతాడు. ఆ రోజు ఏమీ అనలేదు. రెండో సెషన్లో మాత్రం, "మ్యాగజైన్ ఇట్ల ఇవ్వండి, నేను నింపుతాను" అని అటు తిరిగి నింపి ఇచ్చాడు. ఒకటి పేలింది, రెండు పేలింది. మూడోసారి నొక్కితే 'టిక్' అని చప్పుడు, అంతే. గన్ను పేల్లేదు గానీ మూతి మాత్రం దభీమని కిందికి వంగింది. నా చెయ్యే, నా కళ్ల ముందే. పేలుడు లేదు, తన్ను లేదు, అయినా మణికట్టు ముందే దానికి ఎదురు వెళ్లి కిందికి తోసేసింది. నకిలీ రౌండు పెట్టాడు మహానుభావుడు. పక్క లేన్లో .22 ప్రాక్టీసు చేసుకునే పదిహేడేళ్ల పిల్ల, హోసూరు తెలుగువాళ్లు, ఫక్కున నవ్వి, "సారీ అంకుల్" అంది. అప్పుడే కోచ్ ఆ మాట అన్నాడు, ఇంకా ఏమీ పేల్లేదు కదా అని.

సోమవారం క్లినిక్‌లో ఒక పెద్దాయన కుర్చీలో బిగుసుకుంటే నేను నోరు మూసుకుని కాసేపు ఆగాను. ఏం చెప్పను?

అక్కణ్ణుంచి ఆరో సెషన్ దాకా ఇదే పని. ప్రతి మ్యాగజైన్లో ఒక నకిలీ, ఎక్కడుందో నాకు తెలియదు. పేలినా పేలకపోయినా ఫ్రంట్ సైట్ ఎక్కడుందో చూడాలి, మానిటర్ చూసుకోకముందే "కింద, ఎనిమిది" అని నోటితో చెప్పాలి. మొదట్లో నేను చెప్పేదానికీ పడినదానికీ సంబంధమే లేదు. పేలిన క్షణంలో నేను కళ్లు మూసుకుంటున్నానని అలాగే తెలిసింది. ఐదో సెషన్ చివర్లో మొదటిసారి నకిలీ రౌండు మీద మూతి కదలకుండా నిలబడింది. కోచ్ నా మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నాడి చూసినట్టు చూసి, "బంతు" అన్నాడు. వచ్చిందని. నా డిగ్రీ రోజు కూడా అంత సంతోషం లేదు.

ఈ ప్యాకేజీకి డబ్బు పెట్టాలా అంటే, ఆ మనిషి కోసం పెట్టాలి. గన్ను ఎంత మంచిదైనా దాన్ని పక్కనుండి చూసే కన్ను లేకపోతే నలభై రౌండ్లూ అదే తప్పుని నలభై సార్లు చేయించేవి.

ఇక తిట్లు. రేంజి ఇచ్చే చెవి కప్పులు ఎప్పటివో, మెత్తలు పగిలిపోయి గట్టిపడ్డాయి. నాలాంటి కళ్లజోడు వాళ్లకి జోడు పుల్ల దగ్గర సందు ఏర్పడి చప్పుడంతా అందులోంచే దూరుతుంది. పైన రేకు కప్పు, పక్కన గోడలు, శబ్దం రెండుసార్లు వినపడుతుంది. మూడో సెషన్‌కి నేనే ఫోమ్ ప్లగ్గులు చెవిలో పెట్టుకుని, వాటి మీద కొత్త కప్పులు పెట్టుకుని వెళ్లాను. ఆ రోజే ఉలికిపాటు సగం పోయింది! అంటే నేను సగం భయపడింది తన్నుకి కాదు, చప్పుడుకి. ఇది నాకు ముందే తట్టాలి. డ్రిల్లు చప్పుడుకి వణికే పేషెంట్లకి హెడ్‌ఫోన్లు పెట్టి అన్నమయ్య కీర్తనలు వినిపించేది నేనే కదా. ప్లగ్గుని వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. చాలామంది పైపైన అతికిస్తారు, దానివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు.

రెండోది పిడి. క్లబ్బు దగ్గర ఉన్న పిడి ఒకటే సైజు, నా చెయ్యి చిన్నది. బొటనవేలు మొదట్లో సందు, పేలినప్పుడల్లా గన్ను ఆ సందులో తిరుగుతుంది, ఐదు రౌండ్లకి ఐదుసార్లు పట్టు సర్దుకోవాలి. కర్ర మీద చెయ్యి వేయొద్దు అని బోర్డు. సరే, కర్ర ముట్టుకోకుండా ఏం చెయ్యొచ్చు అని ఆలోచించాను. కోచ్ అనుమతితో, పంటి అచ్చు తీసే పుట్టీ ముద్ద రేంజికి పట్టుకెళ్లి, ఖాళీ గన్ను, గొట్టంలో నారింజ రంగు సేఫ్టీ జెండా పెట్టి ఉండగా, పిడి మీద సన్నటి ప్లాస్టిక్ కవరు చుట్టి, ఆ సందులో ముద్ద పెట్టి పట్టుకుని నిలబడ్డాను. నాలుగు నిమిషాల్లో గట్టిపడింది. క్లినిక్‌కి తెచ్చి దాన్ని అచ్చుగా పెట్టి అక్రిలిక్‌లో పోత పోశాను, బర్రుతో (పళ్లు అరగదీసే డ్రిల్లు మొనతో) అరగదీశాను, రెండు వైపుల టేపుతో అతికించి సెషన్ అయ్యాక పీకేస్తున్నాను. ఒకటే చిక్కు, నా దగ్గరున్న అక్రిలిక్ కట్టుడు పళ్ల సెట్లకి వాడేది. ఇటలీ పిస్టల్, అక్రోటు పిడి, దాని మీద చిగుళ్ల గులాబి రంగు ముక్క. హోసూరు పిల్ల దానికి 'చిగురు గన్ను' అని పేరు పెట్టింది. గన్ను మాత్రం తిరగడం మానేసింది.

ఒక రోజు పాత బ్యాచ్ రౌండ్లు ఇచ్చారు, రెండు పేల్లేదు. పేలకపోతే వెంటనే గన్ను వెనక్కి తిప్పి చూడకండి, మూతి టార్గెట్ వైపే ఉంచి, చెయ్యెత్తి కోచ్ వచ్చేదాకా ఆగండి. ఆలస్యంగా పేలే రౌండ్లు కూడా ఉంటాయి. పోయిన రౌండ్లకి లెక్క కట్టి ఇవ్వండి అంటే ఆఫీసులో అబ్బాయి మేనేజరు లేడన్నాడు. ఇప్పటికీ లేడు.

ఎనిమిదో సెషన్ నుంచి రాపిడ్. చెయ్యి 45 డిగ్రీలు కిందికి పెట్టి నిలబడాలి, టార్గెట్ ఏడు సెకన్లు ముఖం తిప్పుకుని ఉంటుంది, తర్వాత మూడు సెకన్లు మనవైపు చూస్తుంది. ఆ మూడు సెకన్లలో చెయ్యెత్తి ఒక్క రౌండు కాల్చాలి. అలా ఐదుసార్లు. భయపడే తీరిక కూడా ఉండదు కాబట్టి నాకు ఇదే బాగుంది, స్కోరు మాత్రం చెప్పుకోదగ్గది కాదు. ప్రెసిషన్లో యాభైకి 44 దాకా వచ్చాను, రాపిడ్లో 31. మన షూటర్ జస్పాల్ రాణా 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో ఇదే సెంటర్‌ఫైర్ ఈవెంట్లో 600కి 590 కొట్టి ప్రపంచ రికార్డుని సమం చేశాడు. అరవై రౌండ్లలో ఆయన పోగొట్టుకున్న పది పాయింట్లు నేను రెండు మ్యాగజైన్లలో పోగొడతాను.

ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. చెవి కప్పులకి అర, మేనేజరుకి అర తీసేశాను. పది సెషన్లు చాలవు, ఇరవై ఉంటే బాగుంటుంది, కానీ ఆ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు.

చేరేవాళ్లకి చివరగా ఒకటి. శనివారం ఏడు గంటల స్లాటు అడగండి, హెబ్బాళ ఫ్లైఓవర్ అప్పటికి ఇంకా నిద్రలోనే ఉంటుంది. నాలుగో లేన్ ఇస్తే వద్దనండి. మూడుకీ నాలుగుకీ మధ్య తెర చిరిగిపోయింది, మూడో లేన్‌లో కాల్చేవాడి ఖాళీ ఇత్తడి గొట్టాలు కుడివైపు ఎగిరి నేరుగా నాలుగో వాడి కాలర్లో పడతాయి. వేడిగా ఉంటాయి. తప్పక నాలుగులోనే నిలబడాల్సి వస్తే పై గుండీ పెట్టుకోండి, లోపల పడినా గన్ను బల్ల మీద పెట్టేదాకా గంతులు వేయకండి.