ఏడేళ్లు వాడిన క్యాబినెట్: పై అంచున ఉన్న ఆ పవర్ బటన్ సంగతి

హనుమకొండలో ములుగు రోడ్డు మీద నేను నడుపుతున్న డీటీపీ షాపులో 2018 దసరా నుంచి ఒకే కంప్యూటర్ క్యాబినెట్ (లోపలి భాగాలన్నీ ఉండే డబ్బా) వాడుతున్నాను. ఈ ఏడేళ్లలో లోపల ర్యామ్ పెరిగింది, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ వచ్చింది, డబ్బా మాత్రం మారలేదు. దాని కొలతలు, ఫ్యాన్ల సంఖ్య కొనే ముందు అందరూ చూసుకునేవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది దాని పవర్ బటన్ గురించి మాత్రమే. కంపెనీ పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే బటన్‌ను పై అంచున పెట్టిన క్యాబినెట్లు బజారులో చాలా ఉన్నాయి, నా ఫిర్యాదు ఆ అమరిక మీదనే.

కొన్న కొత్తలో నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్నది ఆ బటన్‌నే. రూపాయి బిళ్లంత వెడల్పు, చుట్టూ సన్నటి నీలి వెలుగు, నొక్కితే వేలికి స్పష్టంగా తెలిసే చిన్న చప్పుడు. అంతకు ముందున్న క్యాబినెట్‌కు బటన్ ముందు వైపు బాగా కింద ఉండేది. టేబుల్ కిందికి వంగి వెతుక్కోవలసి వచ్చేది. దీనికైతే కుర్చీలోంచి లేవకుండానే చేయి అందుతుంది. ఈ సౌకర్యాన్ని చూపించి ఇద్దరు మిత్రుల చేత ఇదే కొనిపించాను. వారికి అప్పుడు చెప్పిన మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి ఉంది.

2024 ఫిబ్రవరిలో, 21 నుంచి 24 వరకు, మేడారం జాతర జరిగింది. జాతరకు ముందు మా పనికి తీరిక ఉండదు. స్వాగత ఫ్లెక్సీలు, అన్నదానం బ్యానర్లు, కరపత్రాలు ఒకవైపు, మాఘమాసం పెళ్లి పత్రికలు ఇంకోవైపు. సరిగ్గా ఆ రోజుల్లో ఒక ఉదయం బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి, మానిటర్ మీద వెలుతురు రాకముందే అంతా ఆగిపోయింది. మళ్లీ గట్టిగా నొక్కితే మళ్లీ అంతే. ర్యామ్ బయటికి తీసి, దాని పసుపు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించాను. వానాకాలంలో చెమ్మ పట్టినప్పుడు ఆ చిట్కా నాకు చాలాసార్లు పనిచేసింది, ఈసారి చేయలేదు. మరునాటికి ఫ్యాన్ కూడా కదలడం మానేసింది. మదర్‌బోర్డు (భాగాలన్నిటినీ కలిపే ప్రధాన బోర్డు) మీద చిన్న ఆకుపచ్చ దీపం మాత్రం నిలకడగా వెలుగుతూనే ఉంది. ఆ దీపం వెలుగుతోందంటే ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును మార్చి లోపలి భాగాలకు అందించే పెట్టె) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు, అంటే సిస్టం ఆపి ఉన్నా వచ్చే కరెంటు, బోర్డుకు అందుతున్నట్టే, అంటే ఎస్ఎంపీఎస్ పూర్తిగా చచ్చిపోలేదన్నమాట. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు.

సిస్టంను రిపేరు షాపుకు తీసుకెళ్తే అక్కడి కుర్రవాడు ఒకసారి చూసి, "ఎస్ఎంపీఎస్ పోయినట్టుంది అన్నా, మార్చుడే" అన్నాడు. కొత్తది వేశారు, నా ముందే సిస్టం మొదలైంది, 2,400 రూపాయలు ఇచ్చి సంతోషంగా తెచ్చుకున్నాను. నా షాపులో పెట్టి బటన్ నొక్కితే చలనం లేదు. మళ్లీ తీసుకెళ్లాను. అక్కడ చక్కగా నడిచింది. ఇంకోసారి తెచ్చాను. ఇక్కడ నడవలేదు. దాంతో అనుమానమంతా నా షాపు వైరింగ్ మీదికి మళ్లింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ చూపించాను, గోడ సాకెట్ మార్పించాను, ఇంకా కొంతకాలం నడిచే యూపీఎస్ బ్యాటరీని కూడా తీసేసి కొత్తది వేయించాను. మూడు రోజులు పోయాయి. ఒప్పుకున్న పెళ్లి పత్రికలను పక్క షాపువారికి అప్పగించి, ఆ ఇళ్లవారికి నేనే ఫోన్ చేసి చెప్పుకోవలసి వచ్చింది. డబ్బు నష్టం కన్నా నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

మూడోసారి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర ఆగకుండా లోపలి బల్ల దాకా వెళ్లి, ఆ కుర్రవాడి చేతులనే చూస్తూ నిలబడ్డాను. అతడు క్యాబినెట్ తెరిచి, మదర్‌బోర్డు అంచున ఉన్న సన్నటి పిన్నుల నుంచి పవర్ బటన్ వైరును ఊడదీసి, స్క్రూడ్రైవర్ మొనను రెండు పిన్నులకు ఒక్క క్షణం తాకించాడు. సిస్టం మొదలైంది. "బటన్ నొక్కవా తమ్మీ?" అని అడిగాను. "బటన్‌తోని ఏం పని అన్నా, మేం పిన్నులు కలిపే చూస్తం" అన్నాడు. పని అయ్యాక ఆ వైరును మళ్లీ యథాస్థానంలో గుచ్చి, మూత బిగించి ఇస్తున్నాడు. మూడుసార్లలో ఒక్కసారి కూడా అక్కడ ఎవరూ ఆ బటన్‌ను తాకలేదు.

ఆ రాత్రి నా షాపులోనే క్యాబినెట్ పై మూత విప్పాను. బటన్ కింద ప్లాస్టిక్ కాడ ఒకటి, దాని కింద గోరంత చతురస్రపు స్విచ్చు ఉన్నాయి. కాడ చుట్టూ బూడిద రంగు దుమ్ము, దానిలో కలిసి గోధుమ రంగు జిగురు కనిపించాయి. వేలితో తీసి చూస్తే బెల్లం. జాతర రద్దీకి ముందే వెళ్లివచ్చిన పరిచయస్థులు అమ్మవార్ల ప్రసాదంగా బంగారం తెచ్చి ఇచ్చారు. మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారని ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ కాగితం పొట్లం రెండు రోజులు క్యాబినెట్ పైనే ఉంది. పైభాగం చదునుగా ఉంటే దాని మీద ఏదో ఒకటి పెట్టడం సహజం. తయారు చేసినవారు ఆ మాట ఆలోచించి ఉంటే, బటన్ చుట్టూ అంత సందు వదిలేవారు కాదు.

కాడ జిగురుకు అంటుకుని పైకి లేవడం లేదు, అంటే స్విచ్చు నొక్కి పట్టుకున్నట్టే ఉండిపోయింది. పవర్ బటన్‌ను 4 సెకన్లకు పైగా నొక్కి ఉంచితే కంప్యూటర్ బలవంతంగా ఆగిపోతుందని మనందరికీ తెలుసు, విండోస్ బిగుసుకుపోయినప్పుడు మనం చేసేది అదే. నా సిస్టం మొదటి రోజు మొదలైన కాసేపటికే ఆగిపోవడానికి కారణం కూడా అదే. బోర్డు తనకు అందిన ఆజ్ఞనే పాటించింది. కాడ పూర్తిగా దిగబడిపోయాక కొత్తగా నొక్కడమనేదే లేకుండా పోయింది కాబట్టి, మరునాడు చలనం ఆగింది.

స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే కాడ వదులైంది కానీ మునుపటిలా ఎగిరి పైకి రాలేదు. అందుకని రీసెట్ బటన్ (నడుస్తున్న సిస్టంను మళ్లీ మొదలుపెట్టే బటన్) వైరును తీసి పవర్ స్విచ్చు పిన్నులకు గుచ్చాను. రెండూ నొక్కి వదిలే స్విచ్చులే, దీపాల వైరుకు ఉన్నట్టుగా ప్లస్, మైనస్ పట్టింపు కూడా వీటికి లేదు. అప్పటి నుంచి ఈ రోజు వరకు రీసెట్ బటన్‌తోనే సిస్టం ఆన్ అవుతోంది. తీసేసిన పాత ఎస్ఎంపీఎస్‌ను తర్వాత పరీక్షించాను. గోడ స్విచ్చు ఆపి, 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ వైరును పక్కనున్న నల్ల వైరుతో పేపరు క్లిప్పుతో కలిపి, ఆపైన కరెంటు ఇస్తే ఫ్యాన్ తిరిగింది. అది ఇప్పుడు మా ఇంటి సిస్టంలో నడుస్తోంది.

అలాగని ఈ క్యాబినెట్‌ను కొనవద్దని చెప్పలేను. గాలి బాగా ఆడుతుంది, మే నెల ఎండల్లో కూడా ఇబ్బంది పెట్టలేదు, ఏడేళ్లలో రేకు ఎక్కడా తుప్పు పట్టలేదు. నేను కొనిపించిన ఇద్దరిలో ఒకరి ఇంట్లో అది తలుపులున్న గదిలో, టేబుల్ పైన ఉంది. బటన్ నేటికీ కొత్తదానిలా పనిచేస్తోంది. నా షాపుకు ఎదురుగా రోడ్డు, జాతర రోజుల్లో లేచే దుమ్ము, రోజుకు ఐదారుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేసే అలవాటు, పైన పొట్లాలు పెట్టడం, ఇవన్నీ నా పరిస్థితులు. ఇలాంటి చోట పనిచేసేవారు మాత్రం బటన్ ముందు వైపున్న డబ్బా చూసుకుంటే మంచిదని నా అభిప్రాయం. ఇప్పటికే పై బటన్ ఉన్నవారి సిస్టం ఆన్ కాకపోతే, ఎస్ఎంపీఎస్‌కు డబ్బు పెట్టే ముందు పవర్ స్విచ్చు వైరును పిన్నుల నుంచి ఊడదీసి, పక్క పిన్నులకు తగలకుండా ఆ రెంటినే ఒక్క క్షణం కలిపి చూడమని కోరుతున్నాను. షాపుకు తీసుకెళ్లినా, బటన్‌తోనే ఆన్ చేసి చూపించమని అడగండి.

జాతర మళ్లీ వస్తుంది. రీసెట్ బటన్ ముందు వైపే ఉన్నా పెన్ను మొనతో నొక్కవలసినంత చిన్నది. అందుకని పని ఒత్తిడి మొదలుకాకముందే పొడవాటి వైరుతో విడిగా దొరికే స్విచ్చు ఒకటి తెచ్చి, టేబుల్ పలక అడుగున, దుమ్ము పడని చోట బిగించుకోవాలని అనుకుంటున్నాను.