తుపాను వస్తోంది: ఊళ్లు ముందే ఖాళీ చేయించాలా, ఖాయమయ్యేదాకా ఆగాలా?

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడి తుపానయింది. తీరం దాటడానికి ఇంకా రెండు రోజులుంది. కలెక్టరు ముందున్న మ్యాపులో దాని దారి విసనకర్రలా ఉంది, ముందుకు పోయేకొద్దీ వెడల్పవుతూ. ఆ వెడల్పులో రెండు మూడు జిల్లాలు పడుతున్నాయి. కిటికీ బయట చూస్తే ఎండ. లంక గ్రామాలనూ తీరం వెంట ఊళ్లనూ ఇప్పుడే ఖాళీ చేయించాలా? రేపు సాయంత్రం బులెటిన్ వచ్చి దారి తేలేదాకా ఆగాలా?

నా మాట ముందే చెప్పేస్తాను: ఎండ ఉండగానే కదిలించాలి. అయితే ఆగుదామనేవాళ్లది బద్ధకమని నేననుకోను. వాళ్ల వాదనలో బలముంది.

ఊరు వదలమంటే ఒక కుటుంబం ఏమేం వదలాలో చూడండి. రెండు మూడు రోజుల కూలి పోతుంది. వలలు ఒడ్డునే ఉంటాయి. గేదెను ఎవరికి అప్పగించాలి? ఇంటికి తాళం వేసి వెళ్తే వస్తువులు మిగులుతాయా? స్కూలు గదిలో నలభై మందితో పాటు పసిపిల్లతో పడుకోవాలి. ఇంత చేశాక తుపాను రాకపోతే ఆ కోపం రెండోసారి పనికి అడ్డొస్తుంది. 2013 నవంబరులో అలాంటిదే జరిగింది. 22న హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. తడిసిన వరి ఇంకా ఆరకముందే లెహర్ బయల్దేరింది. సముద్రంలో అది అతి తీవ్ర తుపాను. వేలమందిని మళ్లీ కదిలించారు. తీరా ఒడ్డుకు వచ్చేసరికి నీరసించి, 28న ఉత్త వాయుగుండంగా అదే మచిలీపట్నం దగ్గర దాటిపోయింది. మూట కట్టుకుని ఇంటికి తిరిగివెళ్లిన మనిషికి మూడోసారి చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఇక రెండో వైపు. 1977 నవంబరు 19. ఆ తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ప్రాణాలు ఎక్కువగా పోయింది మాత్రం అక్కడికి ఈశాన్యంగా ఉన్న దివిసీమలో. మన తీరానికి వచ్చే తుపాను గాలులు అపసవ్య దిశలో తిరుగుతాయి కాబట్టి, దాని దారికి కుడిచేతి వైపున సముద్రాన్ని ఒడ్డు మీదికి నెడతాయి. ఉప్పెన వచ్చేది ఆ పక్కనే. దివిసీమ మీదికి ఆ రోజు దాదాపు 5 మీటర్ల ఎత్తున నీళ్లు వచ్చాయి. 10 వేలమందికి పైగా పోయారు. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో కచ్చితంగా తేలాకే ఊళ్లు కదుపుదామనుకునేవాళ్లకు ఇదే నా మొదటి జవాబు. దాటే చోటు తేలినా, మునిగే ఊరు వేరే కావచ్చు.

1990 మే 9న అదే కృష్ణా తీరం మీదికి అంతటి భయంకరమైన తుపానే వచ్చింది. ఈసారి లక్షన్నర మందికి పైగా ముందే తరలించారు. పోయినవాళ్లు 967 మంది. అదేమీ చిన్న సంఖ్య కాదు. ఈ తేడా మొత్తం ఒక్క నిర్ణయం వల్లే వచ్చిందనీ అనను, ఆ మధ్యకాలంలో ఉపగ్రహ చిత్రాలు మెరుగయ్యాయి, తుపాను షెల్టర్లు కట్టారు. కానీ మనుషుల్ని ముందే కదిలించకపోతే షెల్టరు ఖాళీ గదే కదా. ఒడిశా లెక్క ఇంకా స్పష్టం. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేలమంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర దాటేలోగా దాదాపు 10 లక్షల మందిని తరలించారు. మరణాలు పదుల్లో ఆగాయి.

ఆగుదామనే వాదన అసలు తప్పేది గడియారం దగ్గర. వాతావరణ శాఖ సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. 24 గంటలంటే ఒక రోజు చేతిలో ఉందనిపిస్తుంది. అందులో సగం రాత్రి. తుపాను కేంద్రం తీరాన్ని తాకడానికి చాలా గంటల ముందే ఈదురుగాలి మొదలవుతుంది, చెట్లూ కరెంటు స్తంభాలూ రోడ్డుకు అడ్డం పడతాయి, గోదావరి పాయల్లో జనాన్ని దాటించే పంటు ఆపేయాలి. నికరంగా మిగిలేది ఒక్క పగటిపూట. ఆ పూటలోనే బస్సులు రావాలి, వంటలు మొదలవ్వాలి, కదలనని మొండికేసిన పెద్దాయన్ని ఒప్పించాలి. సాయంత్రం నాలుగింటికి నిర్ణయం తీసుకుంటే అప్పటికి గాలే నిర్ణయించేసి ఉంటుంది.

విడతలవారీగా కదిలించడం అనే మూడో దారీ ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. వేటకు వెళ్లిన పడవల్ని వెనక్కి పిలవడం అన్నిటికంటే ముందు. 1996 నవంబరు 6 కోనసీమ తుపానులో పోయిన వెయ్యిమందికి పైగా మనుషుల్లో సముద్రం మీద చిక్కుకున్న మత్స్యకారులు ఎందరో. నడిసముద్రం నుంచి పడవ తిరిగి రావాలంటే గంటలు కాదు, రోజులు పట్టొచ్చు. ఆ తర్వాత నెలలు నిండిన గర్భిణులు, వృద్ధులు, డయాలసిస్ అవసరమైనవాళ్లు. ఆపైన గుడిసెల్లో ఉన్నవాళ్లు, చివరికి ఊరంతా. మొదటి రెండు విడతలూ పొరపాటని తేలినా పెద్దగా నష్టం లేదు. కాకపోతే ఏ విడత ఏ గంటకో ఎండ ఉండగానే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. రాసుకోకపోతే ఇదీ ఆగడానికి మరో సాకవుతుంది.

లెహర్ లాంటి రోజు మళ్లీ వస్తుంది. ఆ రోజు నష్టం ఎవరిదన్నదే నా దృష్టిలో ముఖ్యం. కేంద్రాల నుంచి ఇళ్లకు వెళ్లేవాళ్లకు బియ్యం, కొంత నగదు ఇవ్వడం మన దగ్గరున్న పద్ధతే. తుపాను రాని రోజున కూడా అది చేతికి అందాలి. ఖాళీ చేయమన్న అధికారి మర్నాడు అదే ఊరి రచ్చబండ దగ్గరికి వెళ్లి నిలబడాలి. "చెప్పింది నేనే. మీ రెండు రోజులూ పోయాయి, నిజమే. మళ్లీ అలాంటి బులెటిన్ వస్తే మళ్లీ చెప్తాను, మళ్లీ రండి" అని వాళ్ల మొహం చూసి అడగాలి.