కారు ఏసీకి ఇంట్లోనే గ్యాస్ పట్టించే కిట్: ఆరు ఎండాకాలాలు వాడాక

మేం డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. జూలైలో 38 డిగ్రీలు ఇక్కడ మామూలే. గుంటూరు ఎండలకు అలవాటుపడ్డ మా నాన్నగారు కూడా పార్కింగ్‌లో ఉన్న కారు తలుపు తీసి ఒక అడుగు వెనక్కి వేశారు. 2019లో మా పాత సెడాన్‌కి కూలింగ్ తగ్గితే, ఆటో పార్ట్స్ షాపులో ఆర్134ఏ (కారు ఏసీలో పట్టించే గ్యాస్) క్యాన్, హోస్, చిన్న గేజ్ కలిపి ఉన్న కిట్ కొన్నాను. హోస్, గేజ్ ఇప్పటికీ అవే.

మొదటిసారి పని సాఫీగా అయిపోయింది. ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ ఫుల్‌లో పెట్టి, లావు పైపు మీదుండే లో సైడ్ (ఒత్తిడి తక్కువుండే వైపు) పోర్టుకి హోస్ తగిలించాను. హై సైడ్ (ఒత్తిడి ఎక్కువుండే వైపు) పోర్టు సైజు వేరు కాబట్టి ఈ హోస్ దానికి పట్టదు. గ్యాస్ లోపలికి పోతున్నకొద్దీ క్యాన్ చల్లబడి, బయట నీళ్లు పట్టి, అడుగున పల్చగా మంచు కట్టింది. క్యాన్ నిలువుగానే పట్టుకోవాలి. తలకిందులు చేస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపులోకి) పోతుంది. పావుగంటలో వెంట్ దగ్గర పెట్టిన థర్మామీటర్ 19 నుంచి 9 డిగ్రీలకు దిగింది. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో!

మరుసటి ఏడాది మళ్లీ అంతే, ఇంకో క్యాన్. మూడో ఏడాది దెబ్బ తగిలింది. గేజ్ ముల్లు గ్యాస్ సరిపోయిందని చూపే ఆకుపచ్చ గీతలోనే ఉంది, కూలింగ్ మాత్రం చాలడం లేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పట్టించాను. రెండు రోజులకి సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, కంప్రెసర్ టక్కున ఆగిపోయి వేడిగాలి రావడం మొదలైంది. వెనక సీట్లో పాప చెమటతో తడిసిపోతుంటే నాకు చాలా టెన్షన్. షాపుకి తీసుకెళ్తే మెషిన్‌తో గ్యాస్ బయటికి లాగి తూచారు: 710 గ్రాములు. ఈ కారుకి పట్టాల్సింది అని బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్నది 540.

ముల్లు ఆకుపచ్చలోనే ఉంటే ఇలా ఎలా జరిగింది? లో సైడ్‌లోకి గ్యాస్‌ని కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఆ వైపు ఒత్తిడిని పెద్దగా మారనివ్వదు. ఎక్కువైన గ్యాస్ కండెన్సర్‌లో (వేడిని బయటికి వదిలే భాగంలో) ద్రవంగా పేరుకుని హై సైడ్ ఒత్తిడిని పెంచుతుంది, అది మరీ పెరిగితే కంప్రెసర్ ఆగిపోతుంది. కిట్‌లోని గేజ్‌కి ఆ వైపు కనపడదు. ఇంజన్ ఆపి చూస్తే ఇంకా మోసం: 30 డిగ్రీల వేడిలో లోపల 200 గ్రాములున్నా 500 ఉన్నా ముల్లు 97 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గరే నిలబడుతుంది.

అసలు గ్యాస్ ఏటా ఎందుకు తగ్గుతోందన్నది ముందే చూడాల్సింది. యూవీ లైట్ వేసి వెతికితే కండెన్సర్ పైపు జాయింట్ దగ్గర గోరంత మేర పసుపుపచ్చగా మెరిసింది. మొదటి క్యాన్‌లో డై (యూవీ వెలుగులో మెరిసే రంగు) కలిసి ఉండటం అలా కలిసొచ్చింది. పాడైంది ఒక ఓ-రింగ్ (జాయింట్‌లో ఉండే రబ్బరు రింగు), అంతే. షాపువాళ్లు గ్యాస్ లాగేశారు కదా, ఆ ఖాళీలోనే అది మార్చేశాను. (గ్యాస్‌ని గాల్లోకి వదిలేయడం ఇక్కడ చట్టరీత్యా నేరం.) లోపలి గాలిని లాగేసే వాక్యూమ్ పంపుని ఆటో పార్ట్స్ షాపులో డిపాజిట్ కడితే అరువిస్తారు. ముప్పావుగంట నడిపి, ఆపి, వాక్యూమ్ నిలబడుతోందో లేదో చూసుకున్నాను. తర్వాత క్యాన్‌ని వంటింటి త్రాసు మీద పెట్టి, ముందు బరువు, తర్వాతి బరువు రాసుకుంటూ 540 గ్రాములు పట్టించాను. ఆ తర్వాత మూడు ఎండాకాలాలు గడిచాయి, ఒక్క గ్రాము కూడా పట్టించలేదు.

అందుకని కిట్‌కి నేను మంచి మార్కులే వేస్తాను, గేజ్‌కి మాత్రం వేయను. 10 డాలర్ల త్రాసు దానికంటే ఎంతో నయం. లీకులు పూడ్చే మందు కలిపిన క్యాన్ మాత్రం కొనకండి. అది వాల్వ్‌కి అడ్డం పడొచ్చు, అలాంటి కారుని షాపువాళ్లు తమ మెషిన్‌కి తగిలించడానికి ఒప్పుకోకపోవచ్చు. అమెరికాలో 2021 మోడల్ నుంచి వచ్చిన కార్లలో చాలావాటిలో ఆర్134ఏ ఉండదు, స్టిక్కర్ చూసే కొనండి. హైబ్రిడ్ కార్ల కంప్రెసర్‌కి ఆయిలే వేరు, మామూలు ఆయిల్ కలిసిన క్యాన్ వాటి దగ్గరికి కూడా తీసుకెళ్లొద్దు.

ఈ ఏప్రిల్‌లో కూడా వెంట్ దగ్గర థర్మామీటర్ పెట్టి చూశాను. 8 డిగ్రీలు. హోస్ బయటికి తీయలేదు.