సంక్రాంతి సెలవుల్లో క్యాంపస్ వర్క్‌షాపులు: హాస్టల్లో ఉండిపోయినోళ్ళ కోసం నా రివ్యూ (అనంతపురం)

సంక్రాంతికి అందరూ ఊర్లకి పోయినాక యూనివర్సిటీ ఎట్ల ఉంటుందో హాస్టల్లో ఉండిపోయినోళ్ళకే తెలుస్తుంది అబ్బా. కారిడార్‌లో మన చెప్పుల చప్పుడు మనకే వినపడుతుంది, క్యాంటీన్ షట్టర్ దించేసి ఉంటుంది, సాయంత్రం ఆరైతే గేటు దగ్గర వాచ్‌మెన్ అన్న తప్ప పలకరించే మనిషి ఉండడు. నేను ఇక్కడ అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తున్నా, మాది ఆదోని, గుంతకల్ మీద పోతే ఎంతసేపు, కానీ నా శెనక్కాయ మొక్కలు కుండీల్లో ఉన్నాయి, రోజు మార్చి రోజు ఒక్కో కుండీని తూకం వేసి ఎన్ని గ్రాములు తగ్గిందో అన్ని నీళ్ళే పోయాలి, ఒక్క వారం వదిలేస్తే ఆర్నెల్ల పని మట్టిలో కలిసిపోతుంది. పోయినేడు ఇట్లనే ఉండిపోయి భోగి రోజు రూములో బ్రెడ్డు, అరటిపండు తిని పడుకున్నా. అమ్మ ఫోన్ చేస్తే మెస్‌లో పండగ భోజనం పెట్టినారని అబద్ధం చెప్పినా.

అందుకే ఈసారి సెలవుల్లో తొమ్మిది రోజులు వర్క్‌షాపులు, ఒక ట్రిప్పు, సాయంత్రాలు కలిసి కూర్చునే ప్రోగ్రాములు పెడతామని నోటీసు బోర్డులో చూసిన రోజే పేరు రాయించుకున్నా. ఫీజు 300, ట్రిప్పుకి బస్సు డబ్బులు వేరే. మొత్తం మీద 35 మంది దాకా ఉన్నాం, సగం మంది ఉత్తరాంధ్ర వాళ్ళు, ఒరిస్సా, మణిపూర్ నుంచి వచ్చిన పిల్లలు, మిగతా నా మాదిరి ల్యాబ్ వదిలి పోలేనోళ్ళు.

ముందు చిన్నవి చెప్పేస్తా. జొటేరో మీద రెండు గంటల క్లాసు పెట్టినారు, థీసిస్‌కి రిఫరెన్సులు దాచిపెట్టుకునే సాఫ్ట్‌వేర్, ఫ్రీ, కొత్తగా చేరిన స్కాలర్లు తప్పకుండా నేర్చుకోండి, నేను రెండేళ్ళు ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటా వచ్చినా. ఆ రోజు ల్యాబ్‌లో నెట్ లేదు, చెప్పే సార్ తన ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి నడిపించినాడు. ఇంకోటి ఫస్ట్ ఎయిడ్. బొమ్మని పడుకోబెట్టి సీపీఆర్ (గుండె ఆగిపోయినోళ్ళకి ఛాతీ నొక్కే పద్ధతి) నేర్పించినారు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి పోయేట్టు నొక్కాలంట, అంత గట్టిగా నొక్కాలని నాకు అప్పటిదాకా తెలీదు. రెండు నిమిషాలకే చేతులు పడిపోయినాయి, అందుకే రెండు నిమిషాలకి ఒకసారి మనిషి మారాలంట, ముందు ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇది ప్రతి హాస్టల్లో ప్రతి ఏడాది పెట్టాలి, సెలవుల్లోనే ఎందుకు.

ఇంక అసలు సంగతి తోలుబొమ్మలు. దీనికోసమే ఈ రివ్యూ రాస్తున్నా.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట నుంచి ఒక పెద్దాయన, ఆయన కోడలు వచ్చినారు. 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారి ఊరు అది, ఇప్పుడు సత్యసాయి జిల్లా కిందికి పోయింది గానీ మాకు అదంతా అనంతపురమే. మూడు రోజులు, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. చార్ట్ పేపర్ కత్తిరించి బొమ్మ అంటారేమో అనుకున్నా, కాదు, నిజం మేక తోలే తెచ్చినారు. తోలుని నానబెట్టి, బొచ్చు గీకి, సాగదీసి ఎండబెట్టిన తర్వాత అది పలుచగా, గట్టిగా, చేత్తో కొడితే టపటప అనే మాదిరి అవుతుంది, వెలుతురుకి పట్టుకుంటే తేనె రంగులో కనపడుతుంది. మొదటి రోజు గదిలో ఒకరకం వాసన ఉంటే కొంతమంది ముక్కు మూసుకున్నారు, రెండో రోజుకి ఎవరికీ గుర్తు లేదు.

మాకు తలా ఒక అరచేయంత ముక్క ఇచ్చినారు. దాని మీద నెమలి గీసుకుని, కింద చెక్క పెట్టుకుని, చిన్న ఉలి నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. అంతే పని, చూస్తే సులభం. నా మొదటి రంధ్రం పక్కకి చీలిపోయింది. తాత వచ్చి ఉలి మీద నా వేలు సర్ది "నిలువుగా పట్టుకో పాపా, వంచితే చుక్క సాగి గింజ మాదిరి అయితాది, చుక్క చుక్కగానే ఉండాల" అన్నాడు. ఇంకో దెబ్బ కొట్టినా, గుండ్రంగా వచ్చింది, ఊడిన ముక్క ఆవగింజంత చెక్క మీద పడింది. ఆ రంధ్రాలే బొమ్మకి నగలు అని అప్పుడు చెప్పినాడు. హారం, వడ్డాణం, కిరీటం అన్నీ చుక్కలే, వెనక దీపం పెడితే ఆ చుక్కల్లోంచి వెలుతురు వచ్చి రాళ్ళ నగల మాదిరి మెరుస్తాయి. రంగు రెండు పక్కలా వేయాలి, ఒక పక్కే వేస్తే తెర మీద పాలిపోయి కనపడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, ముందు ఆకులు, బెరళ్ళ నుంచి చేసుకునేవాళ్ళంట, ఇప్పుడు సీసాల్లో దొరికే రంగులే.

కోడలు ఆమె ఇంకా బాగా నేర్పించింది, ఎక్కువ మాట్లాడదు, మన చెయ్యి పట్టుకుని చేయిస్తుంది. ఇప్పుడు ఆటలు తక్కువ అయిపోయినాయి, ల్యాంప్ షేడ్లు, గోడకి తగిలించే బొమ్మలు చేసి అమ్ముకుంటున్నారు, ఇల్లు గడిచేది దాని మీదే అని చెప్పింది. ఈ పనికి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ప్రాంతం పని అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది. మన పక్కనే ఇంత పని ఉంటే నేను నాలుగేళ్ళ నుంచి ఇక్కడ ఉండి ఒక్కసారి పోలేదు, అది తలుచుకుంటే నాకు నిజంగా బాధగా ఉంది.

మూడో రోజు సాయంత్రం సెమినార్ హాల్ కిటికీలకి దుప్పట్లు కట్టి, తెల్ల పంచె తెరగా కట్టి, వెనక బల్బు పెట్టి అరగంట ఆట ఆడినారు. లంకలో హనుమంతుడు. తాత పాడుతా కాలు నేలకేసి కొడతా ఉంటే ఆ చప్పుడుకి తెర మీద తోక లేచింది. తెలుగు ఒక్క ముక్క రాని మణిపూర్ అమ్మాయి నా పక్కన కూర్చుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తర్వాత లేపాక్షి ట్రిప్పు. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చడం, పెద్ద నంది దగ్గర ఫోటోలు అందరూ చేసేదే, మేమూ చేసినాం. కానీ ఈసారి మండపంలో తల పైకెత్తి చూస్తే, ఆ పైకప్పు బొమ్మలు విజయనగరం కాలంవి, పక్కకి తిరిగిన ముఖాలు, పెద్ద కండ్లు, మొనదేలిన ముక్కు, చీరల మీద చుక్కల అంచులు, అచ్చం రెండ్రోజుల ముందు తోలుబొమ్మల్లో చూసినవే. వర్క్‌షాపు ముందు పెట్టి ట్రిప్పు తర్వాత పెట్టినోళ్ళు ఎవరో గానీ వాళ్ళకి దండం. ఒక్కటే, మధ్యాహ్నం ఒంటిగంటకి తీసుకుపోయినారు, రాళ్ళు కాలి కాళ్ళు పెట్టలేకపోయినాం, పొద్దున్నే బయలుదేరాల్సింది.

భోగి ముందు రోజు సాయంత్రం మెస్ అక్కలు పితికిపప్పు పెట్టుకున్నారు. ఈ కాలంలో మంచుకి అనపకాయకి మంచి వాసన పడుతుంది కదా, గింజలు ముందు రోజు రాత్రే నానబెట్టినారు, రెండు పెద్ద డేగిసాల చుట్టూ అందరం కింద కూర్చున్నాం. బొటనవేలు, చూపుడువేలు మధ్య గింజ పెట్టి నొక్కితే పైతోలు చేతిలో ఉండిపోయి పచ్చ పప్పు టక్కున డేగిసాలో పడుతుంది. మొదట్లో ఎవరికి వాళ్ళు ఫోన్లు చూసుకుంటా కూర్చున్నోళ్ళు, చేతులు తడి అయినాక ఫోన్ ముట్టలేరు కదా, అట్ల మాటలు మొదలైనాయి. శ్రీకాకుళం అన్న వాళ్ళమ్మ గురించి చెప్పినాడు, ఒరిస్సా పాప వాళ్ళ ఊరి సంక్రాంతి గురించి చెప్పింది, రెండు గంటలు ఎట్ల పోయినాయో తెలీలేదు. రాత్రికి పితికిపప్పు పులుసు, సజ్జ రొట్టె, ఊరిబిండి (నూరిన పచ్చడి). ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి ఏం తిన్నానో నిజమే చెప్పినా.

ఇప్పుడు కోపం వచ్చిన విషయం. ఒక రాత్రి గ్రౌండ్‌లో టెలిస్కోప్ పెట్టినారు. మన అనంతపురంలో వానలు తక్కువ అని అందరూ ఏడుస్తారు గానీ జనవరి ఆకాశం ఎంత శుభ్రంగా ఉంటుందో చూడాలి, గురుగ్రహం, దాని నాలుగు పెద్ద చందమామలు చూపిస్తామన్నారు. టైము ఏడున్నర. లేడీస్ హాస్టల్ గేటు ఏడింటికి వేస్తారు. పర్మిషన్ లెటర్ తెమ్మన్నారు, సంతకం పెట్టాల్సిన వాళ్ళు పండగకి ఊరికి పోయినారు. ఫీజు మా దగ్గర కూడా 300 తీసుకున్నారు కదా, క్యాంపస్ లోపలే, గేటు నుంచి ఐదు నిమిషాల నడక, ఒక లేడీ స్టాఫ్‌ని తోడు పంపితే అయిపోయేది. పన్నెండు మంది అమ్మాయిలం హాస్టల్ వాకిట్లో నిలబడి మామూలు కండ్లతో చూసుకున్నాం. ఫిజిక్స్ అక్క ఒకామె కృత్తికలు, రోహిణి, మృగశిర, ఆర్ద్ర వరసగా చూపించింది, చిన్నప్పుడు అవ్వ నోట విన్న పేర్లన్నీ పైన ఉన్నాయి, ఆర్ద్ర ఎర్రగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. బాగుంది. కానీ గురుడి చందమామలు మాకు చూపించలేదు, అది తప్పు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసినా, ఇక్కడ కూడా రాస్తున్నా.

5కి 4 ఇస్తా, ఆ ఒక్కటి తగ్గించింది గేటు కోసమే. వచ్చే ఏడు ఉండిపోయేవాళ్ళు తోలుబొమ్మల బ్యాచ్‌కి ముందే పేరు రాయించుకోండి, 20 మందినే తీసుకుంటారు. పాత బట్టలు వేసుకోండి, రంగు పోదు. కనుమ రోజు మెస్ మూసేస్తారు, దానికి మాత్రం ముందు రోజే ఏదో ఒకటి తెచ్చిపెట్టుకోండి. అమ్మాయిలు పర్మిషన్ లెటర్ మీద సెలవుల ముందే సంతకం చేయించి పెట్టుకోండి.