500 క్యాండిల్ పెట్రోమాక్స్ లైటు: నెల్లూరు తీరంలో ఎవరు కొనాలి, ఎవరు కొనకూడదు

గాలి ఒత్తిడితో కిరసనాయిలు మండించే, ఇత్తడి ట్యాంకుతో వచ్చే 500 క్యాండిల్ (క్యాండిల్ అంటే వెలుగు కొలత) పెట్రోమాక్స్ లైటు ఇప్పటికీ కొనదగ్గ వస్తువే. కాకపోతే విప్పి, తుడిచి, మళ్లీ బిగించే ఓపిక ఉన్నవాళ్లే కొనాలి. తుఫాను రాత్రి ఇంట్లో రెండు గదులకు వెలుగుంటే చాలనుకునేవాళ్లకు ఇది దండగ. వాళ్లకు ఒక ఛార్జింగ్ లైటు, దానికి తోడు ఒక హరికేన్ లాంతరు సరిపోతాయి. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా తెల్లవారకముందే చేపలు దిగే ఒడ్డున, కరెంటు లైను వెళ్లని రొయ్యల గుంటల గట్ల మీద, తిరునాళ్లలో అంగళ్ల ముందు, నలుగురు కలిసి పనిచేసే ప్రతిచోటా మాత్రం దీని వెలుగు ముందు మరో నూనె దీపం నిలవదు.

బెర్లిన్‌లో మాక్స్ గ్రెట్జ్ కంపెనీ 1910 ప్రాంతంలో తెచ్చిన నమూనా పెద్దగా మారకుండా నేటికీ నడుస్తోంది. పంపుతో కొట్టిన గాలి ట్యాంకులోని కిరసనాయిలును పైకి నెడుతుంది. అది వేపరైజర్ గొట్టంలో కాగి ఆవిరై, నిపిల్ సన్న రంధ్రంలోంచి దూసుకొచ్చి, గాలితో కలిసి, వేడికి తెల్లగా వెలిగే జాలీ తిత్తి, అంటే మాంటిల్ దగ్గర మండుతుంది. మాంటిల్‌ను 1885లో పేటెంటు చేసింది ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఔవర్ ఫాన్ వెల్స్‌బాక్. 1891 నాటికి ఆయన కుదిర్చిన పాళ్లు 99 శాతం థోరియం ఆక్సైడు, 1 శాతం సీరియం ఆక్సైడు. ఆ ఒక్క శాతమే తెల్లటి వెలుగుకు ఆయువు. థోరియానికి స్వల్పంగా రేడియోధార్మికత ఉంటుంది కాబట్టి ఇప్పుడు చాలా మాంటిళ్లలో ఇట్రియం వాడుతున్నారు. పొట్లం మీద ఏముందో చదివి తీసుకోండి. ఏది కొన్నా పగిలిన మాంటిల్ బూడిదను ఊదకండి, అన్నం గిన్నెల దగ్గర దులపకండి.

అంగడిలో చూడాల్సిన పరీక్ష ఒక్కటే, దాన్ని మాత్రం వదలొద్దు. ట్యాంకు మూత, గాలి వదిలే స్క్రూ, పక్కనున్న నూనె వదిలే చక్రం బిగించి, గేజి ముల్లు ఎర్రగీత తాకేదాకా పంపు కొట్టించండి. మంచి లైటులో అరగంట తర్వాత కూడా ముల్లు అక్కడే ఉంటుంది. దిగితే సబ్బునురగ పూసి ఎక్కడ బుడగ లేస్తోందో చూడండి. మూత వాషర్ దగ్గరైతే వాషర్ మారిస్తే పోతుంది. ట్యాంకు అతుకు దగ్గరైతే ఆ లైటు తీసుకోకండి. పైన క్రోమియం పూత ఉన్నా లోపల ఇత్తడో ఇనుమో అడిగి తెలుసుకోండి, అనుమానముంటే అయస్కాంతం పెట్టి చూడండి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇనుప ట్యాంకు అడుగు నుంచి తుప్పు పడుతుంది. ఆ పొట్టు పైకి వెళ్లి నిపిల్‌లో అడ్డం పడుతుంది.

వెలిగించడంలో తొందర పనికిరాదు. కొత్త మాంటిల్‌ను మట్టి నాజిల్ గాడిలో చుట్టూ కుచ్చులు సమంగా వచ్చేలా కట్టి, ముడి దగ్గర మిగిలిన దారం కత్తిరించాలి. ఒకపక్క కుచ్చు ఎక్కువైతే మాంటిల్ వంకరగా ఉబ్బుతుంది, ఆ పక్కే ముందు చిరుగుతుంది. ట్యాంకులో నూనె నిండా పోయకూడదు, ముప్పావు వంతుకు ఆపాలి. గాలికి చోటు లేకపోతే రెండు నిమిషాలకోసారి పంపు కొట్టాల్సి వస్తుంది. తర్వాత గాలి స్క్రూ తెరిచి ఉంచి, లైటులోనే ఉన్న చిన్న గిన్నెలో స్పిరిటు పోసి అంటించండి. అది ఆరేలోగా వేపరైజర్ బాగా కాగాలి. గాలి వీచే చోట ఒక గిన్నె చాలదు, మంట పూర్తిగా ఆరిపోయాక రెండోసారి పోయాలి. మండుతున్న గిన్నెలో సీసాతో స్పిరిటు వంపితే సీసాకే అంటుకుంటుంది. స్పిరిటు అయిపోవస్తుండగా స్క్రూ బిగించి, ఓ పది పదిహేను సార్లు పంపు కొట్టి, చక్రం తిప్పండి. మాంటిల్ పట్టుకున్నాక ఎర్రగీత దాకా కొట్టాలి. గంటకోసారి వెలుగు తగ్గినప్పుడల్లా కొంచెం కొట్టుకుంటూ పోతే లీటరు నూనె దాదాపు ఎనిమిది గంటలొస్తుంది. కొన్ని లైట్లకు స్పిరిటు అక్కర్లేకుండా ట్యాంకులోని కిరసనాయిలుతోనే వేపరైజర్‌ను కాచే ‘రాపిడ్’ మంట ఉంటుంది. ఒడ్డున గాలిలో అది మేలే, కానీ గ్లాసుకు మసి పట్టిస్తుంది.

రిపేరుకు వచ్చే లైట్లలో చాలావాటికి జబ్బు ఒకటే: చాలినంత కాగకముందే చక్రం తిప్పడం. నూనె ఆవిరి కాకుండా చుక్కలుగా వచ్చి, పసుపుపచ్చటి మంట గ్లాసులోంచి పైకి లేస్తుంది, మాంటిల్ నల్లబడుతుంది. అలా లేచినప్పుడు భయపడి ఊదకండి, నీళ్లు చల్లకండి. గాలి స్క్రూ తెరిస్తే ఒత్తిడి పోయి మంట తగ్గిపోతుంది. బాగా కాగినా పచ్చగానే వెలుగుతుంటే నిపిల్ రంధ్రం అరిగి పెద్దదైందన్నమాట, కొత్తది వేయాల్సిందే. నిపిల్ చివరికీ పైనున్న గాలి గొట్టానికీ మధ్య దూరం కూడా చూడండి. ఈ నమూనాలో అది సుమారు 14 మిల్లీమీటర్లు ఉండాలి. విప్పి బిగించేటప్పుడు గొట్టం సరిగ్గా కూర్చోక ఈ దూరం మారిపోతుంది. మెకానిక్కులు సైతం దీన్ని కొలవకుండా నిపిళ్లు మారుస్తూ పోతారు.

వెలుగు గుండెలా కొట్టుకుంటుంటే మూడు కారణాలు వెతకాలి: ఒత్తిడి తక్కువ కావడం, నూనెలో నీళ్లు, వేపరైజర్‌లో మసి. చక్రాన్ని ఒక్క చుట్టు చురుగ్గా తిప్పితే లోపలి సూది నిపిల్‌ను పొడిచి శుభ్రం చేస్తుంది, చిన్న చెత్త దానితోనే పోతుంది. మాటిమాటికీ తిప్పాల్సి వస్తుంటే మాత్రం వేపరైజర్ లోపల మసి గట్టిపడిపోయింది, వేపరైజర్ మార్చాలి. సూది వంగినట్టు తెలిసీ బలవంతంగా తిప్పితే గుండ్రటి రంధ్రం కోలగా మారి నిపిల్ కూడా పోతుంది. పంపు కొడితే గాలి ఎక్కకపోవడం తోలు వాషర్ ఎండిపోయినందువల్ల. బయటికి తీసి, నాలుగు చుక్కల మెషిన్ నూనె పట్టించి, అంచును వేలితో గొడుగులా విప్పితే మళ్లీ పట్టుకుంటుంది. పంపు కాడ దానంతట అదే పైకి లేస్తుంటే తప్పు తోలుది కాదు. పంపు అడుగున గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు కారుతోంది, దాని బిరడా మార్చాలి.

నూనె సంగతి గట్టిగా చెప్పాలి. రేషన్ కిరసనాయిలు రావడం ఆగిపోయాక కొందరు డీజిల్ కలుపుతున్నారు, కొందరు పెట్రోలు చుక్కలు వేస్తున్నారు. డీజిల్ వేపరైజర్‌ను తొందరగా మసితో మూసేస్తుంది. పెట్రోలు చాలా తక్కువ వేడికే ఆవిరవుతుంది. ఒత్తిడితో ఉన్న ట్యాంకులో, మంటకు జానెడు దూరంలో అది ప్రాణాంతకం. తెల్ల కిరసనాయిలు దొరకనివాళ్లు ఈ లైటు కొననే కూడదు. దొరికిన నూనెను డబ్బాలో కదలకుండా ఒక పూట ఉంచి, అడుగున నీళ్లు చేరనిచ్చి, పైది మాత్రం పల్చటి గుడ్డలో వడకట్టి పోయండి. లైటు వెలుగుతుండగా మూత తీయకండి. కిటికీ, తలుపు మూసిన గదిలో పెట్టకండి, కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు. పైన వేడి సెగ ఎక్కువ, తాటాకు కప్పుకు దగ్గరగా వేలాడదీయకండి.

గ్లాసు విషయంలో మన జిల్లాకు ఒక చరిత్ర ఉంది. గ్యాస్ మాంటిల్ దీపాలకు గాజు బదులు అభ్రకం చిమ్నీలు వాడిన రోజుల్లో గూడూరు, సైదాపురం ప్రాంతం అభ్రకానికి పేరున్న గనుల సీమ. అభ్రకం పలక వేడి గ్లాసులా పగలదు, వాన చినుకు పడినా చిట్లదు. మసి పడితే తడిగుడ్డతో మెల్లగా తుడవాలి, గీరితే పొరలు లేస్తాయి. తీరంలో వాడేవాళ్లు దొరికితే అభ్రకమే తీసుకోవాలి. లేదంటే బోరోసిలికేట్ గ్లాసు అడగాలి, మామూలు గాజు మొదటి వానకే పోతుంది. మాంటిల్‌కు చిల్లు పడిందా, ఆ క్షణమే ఆర్పేయాలి. చిల్లులోంచి వచ్చే మంట ఒకేచోట తగిలి ఎంత మంచి గ్లాసునైనా పగలగొడుతుంది.

ఈ లైటుకు ఒక పెద్ద లోపం ఉంది, వెలుగు తగ్గించుకోలేం. వెలిగితే నిండుగా వెలుగుతుంది, లేదంటే ఆర్పాలి. పసిపిల్లలు, రోగులు పడుకున్న గదికి హరికేన్ లాంతరే నయం. వత్తి దించితే గుడ్డి దీపంగా రాత్రంతా ఉంటుంది. 340 మిల్లీలీటర్ల ట్యాంకున్న చిన్న లాంతరు 20 గంటలు వెలుగుతుంది. వెలుగులో మాత్రం రెంటికీ పోలికే లేదు.

విడిభాగాలు లైటుతోపాటే కొనేయండి: ఆరు మాంటిళ్లు, సూదితో కలిపి రెండు నిపిళ్లు, ఒక తోలు వాషర్, ఒక మూత వాషర్, ఒక వేపరైజర్. 350 క్యాండిల్ లైటు నిపిల్ దీనికి సరిపోదు, మరలు పట్టినట్టే పట్టి రంధ్రం కొలత తేడా వస్తుంది. అందుకని నెల్లూరులో కొన్నా, ఒంగోలులో కొన్నా పాత భాగాన్ని చేత పట్టుకుని వెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. సీజను అయ్యాక నూనె వంపేసి, గాలి స్క్రూ వదులు చేసి, మాంటిల్ తీసేసి, నిలువుగా పెట్టి ఉంచాలి. అక్టోబరు మొదటి వారంలో, తుఫాను హెచ్చరికలు మొదలుకాకముందే, అంగడిలో చేసిన గేజి పరీక్ష మరోసారి చేసి ఒక గంట వెలిగించి చూడండి.