పాత మెర్సిడెస్‌కు పాత ఫుక్స్ చక్రాలు: బాగుచేసిన వర్క్‌షాప్ గురించి

నాలుగు చక్రాలు తీసుకెళ్లి ఇచ్చాను. మూడే బాగుచేస్తామన్నారు. ఈ వర్క్‌షాప్‌కు నేను నాలుగు స్టార్లు ఇవ్వడానికి పెద్ద కారణం అదే. ఐదోది ఎందుకు ఇవ్వలేదో తర్వాత చెబుతాను.

నా కారు 1981 నాటి మెర్సిడెస్ 240డి, కంపెనీ లెక్కలో డబ్ల్యూ123 అనే మోడల్ తరం. నాన్న నడిపిన కారు. స్టీల్ రిమ్‌లు, కారు రంగే వేసిన వీల్ కప్పులతో వచ్చింది. ఆ రోజుల్లో కంపెనీయే ఆప్షన్‌గా ఇచ్చిన ఫుక్స్ అలాయ్ వీల్స్ దీనికి వేయాలని నాన్నకు ఉండేది, కుదరలేదు. జర్మన్లు వాటిని బరోక్ అంటారు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకు అవి బంట్ వీల్స్, చుట్టూ గాళ్లు పడిన బంట్ కేకు అచ్చులా కనిపిస్తాయని. చేసింది జర్మనీలోని మైనర్జ్‌హాగెన్‌కు చెందిన ఓటో ఫుక్స్ కంపెనీ. 1966లో పోర్షే 911 ఎస్‌కు వచ్చిన ఐదు రేకుల చక్రం కూడా వాళ్లదే. ఇవి లోహాన్ని కరిగించి అచ్చులో పోసినవి కావు. వేడిచేసిన అల్యూమినియం దిమ్మెను భారీ ప్రెస్ కింద నొక్కి చేసినవి. అందుకే తేలిగ్గా ఉంటాయి, గట్టిగానూ ఉంటాయి. ఇదే ఆకారంలో పోత పోసిన నకళ్లు కూడా దొరుకుతాయి, కాబట్టి కొనేటప్పుడు వెనకవైపు ముద్ర చూడాల్సిందే.

ఆ ముద్ర చదవడం కష్టమేమీ కాదు. నావాటి మీద 6జె×14హెచ్2 అని ఉంది. 6 అంటే రిమ్ వెడల్పు అంగుళాల్లో, జె అంటే అంచు ఆకారం, 14 అంటే వ్యాసం, హెచ్2 అంటే ట్యూబ్‌లెస్ టైర్ జారకుండా లోపల రెండు వైపులా ఉండే గట్లు. పక్కనే ఈటీ 30 అని ఆఫ్‌సెట్, అంటే చక్రం కారుకు ఆనే ముఖం రిమ్ నడి గీతకు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో. బోల్టుల లెక్క 5×112, అంటే 112 మిల్లీమీటర్ల వలయం మీద ఐదు బోల్టులు. ఇవన్నీ నా కారుకు సరిపోయాకే నేను డబ్బు కట్టాను. అయినా దెబ్బతిన్నాను.

నాలుగూ ఒకే విక్రేత దగ్గర కొన్నాను. కొత్తగా వెండి రంగు వేసి మెరిసిపోతున్నాయి. "ఒక్క సొట్ట కూడా లేదు, రిపేరే పడలేదు" అన్నాడు. ముద్ర ఫొటో అడిగితే పంపాడు. వెనకవైపు రిమ్ మొత్తం కనిపించే ఫొటో మాత్రం రెండుసార్లు అడిగినా పంపలేదు. అక్కడ ఆగి ఉండాల్సింది. ఇప్పుడైతే పాత చక్రం రంగు లేకుండా, బ్రేక్ మసితో ఉన్నదే కొంటాను. దాని మీద ఏం జరిగిందో కంటికి కనబడుతుంది.

వర్క్‌షాప్ పెద్దాయన చక్రాలను చూడగానే రంగు సంగతి మాట్లాడలేదు. ముందు కెమికల్‌తో పాత పెయింట్ మొత్తం తీశారు. ఇసుకతో కొట్టి తీస్తే త్వరగా అయిపోతుంది కదా అని అడిగాను. "తీయొచ్చండీ. కానీ ఆ దెబ్బకి పైలోహం నలిగి సన్నటి పగుళ్ల నోరు మూసుకుపోతుంది. తర్వాత టెస్ట్ చేసినా దొరకవు" అన్నారు. ఆ మాట విన్నాకే నాకు నమ్మకం కలిగింది.

టెస్ట్ నా ముందే చేశారు. శుభ్రం చేసిన చక్రానికి ఎర్రటి ద్రవం పూసి పావుగంట వదిలేశారు. పగులు ఉంటే అది లోపలికి ఇంకుతుంది. పైనున్నది తుడిచేసి తెల్లటి డెవలపర్ స్ప్రే చేశారు. మూడు చక్రాలు తెల్లగానే ఉన్నాయి. నాలుగోదాని లోపలి అంచున ఎర్రటి గీత మెల్లగా పైకి తేలింది, వెంట్రుకంత సన్నగా, చిటికెన వేలంత పొడవు. దాని పక్కనే ఎవరో పాతకాలంలో వెల్డింగ్ చేసి, గ్రైండర్‌తో సమం చేసిన మచ్చ. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల అల్యూమినియం మెత్తబడుతుంది, కొత్త పగులు ఆ వెల్డ్ పక్కనుంచే మొదలవుతుందని ఆయన వేలు పెట్టి చూపించారు. మళ్లీ వెల్డ్ చేయమని అడిగితే కుదరదన్నారు. ఈ చక్రం మీద కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్లకండి అన్నారు. ఎవరి చేతికీ వెళ్లకుండా కోసేద్దామా అని నన్ను అడిగి, నా కళ్లముందే రెండు ముక్కలు చేశారు. బాధేసింది. కానీ ఆ పని చేసినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. విక్రేత తర్వాత ఫోన్ ఎత్తలేదు.

నాలుగో చక్రం కోసం మరో రెండు నెలలు వెతికాను. కారు విడదీసి భాగాలు అమ్ముతున్న ఒకాయన దగ్గర దొరికింది. మురికిగా, క్లియర్ కోట్ కింద తెల్లటి పురుగులు పాకినట్టు తుప్పు గీతలతో ఉంది. అది పై తుప్పు మాత్రమే. ఎర్ర ద్రవం పరీక్షలో సుబ్బరంగా నెగ్గింది.

తర్వాత వంపు తీసే పని. చక్రాన్ని తిప్పుతూ డయల్ గేజ్ పెడితే ఒకటి పక్కకు 1.4 మిల్లీమీటర్లు ఊగుతోంది. హైడ్రాలిక్ ప్రెస్‌తో కొద్దికొద్దిగా నొక్కుతూ, మధ్యమధ్యలో కొలుస్తూ 0.4కు తెచ్చారు. గ్యాస్ మంట పెట్టి సుత్తితో కొట్టే పని ఇక్కడ లేదు.

రంగు దగ్గర కాస్త చర్చ జరిగింది. వాళ్లు మామూలుగా వేసేది పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి వేడితో కరిగించి అతికించడం. అది ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలాలి. ఇలా ప్రెస్‌తో నొక్కి చేసిన (ఫోర్జ్‌డ్) అల్యూమినియానికి బలం వచ్చేది హీట్ ట్రీట్‌మెంట్ వల్ల, అందులో చివరి దశ వేడి కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. చాలామంది పౌడర్ వేయించుకుంటున్నారు, తప్పని నేను అనను. కానీ నలభై ఏళ్లు దాటిన చక్రాన్ని మళ్లీ అంత వేడిలో పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. అంత వేడి అక్కర్లేని, రెండు భాగాలు కలిపి వేసే టూ-ప్యాక్ పెయింట్ వేయమన్నాను. విసుక్కోకుండా ఒప్పుకున్నారు. అంచును అద్దంలా పాలిష్ చేస్తామంటే మాత్రం వద్దన్నాను. ఈ కారుకు నిండైన వెండి రంగే నప్పుతుంది.

ఇక ఐదో స్టార్ సంగతి. ఐదు వారాలన్నది తొమ్మిది వారాలు అయింది. మధ్యలో నేనే ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది. అది సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఇంకొకటి: తీసుకోవడానికి వెళ్లినప్పుడు రెండు చక్రాల్లో బోల్టు తల కూర్చునే గుంటల్లో పెయింట్ పడి ఉంది. అక్కడ పెయింట్ ఉంటే బోల్టు బిగించినప్పుడు బిగువుగానే అనిపిస్తుంది. కారు తిరిగే కొద్దీ ఆ పొర నలిగి బోల్టు వదులవుతుంది. పగులు పట్టుకున్నంత జాగ్రత్త ఇక్కడ ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు. చెప్పగానే పెద్దాయన తప్పు ఒప్పుకుని, ఇరవై గుంటలూ తనే కూర్చుని శుభ్రం చేశారు, హబ్‌కు (కారు వైపు చక్రం బిగించే భాగానికి) ఆనే వెనక ముఖం కూడా. మీరు ఎక్కడ చేయించినా ఈ రెండు చోట్లా టార్చ్ వేసి చూడండి.

195/70 ఆర్14 టైర్లు వేయించి, బ్యాలెన్సింగ్‌లో అంటించే వెయిట్లే లోపలివైపు పెట్టించాను. హబ్ అంచుకు పల్చగా యాంటీ-సీజ్ (తుప్పుతో అతుక్కుపోకుండా రాసే పేస్టు) రాశాను, బోల్టు మరలకు కాదు. టార్క్ రెంచ్‌తో 110 న్యూటన్ మీటర్లు. 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూస్తే రెండు బోల్టులు కాస్త తిరిగాయి, తర్వాత కదల్లేదు. ఇంతకుముందు స్టీరింగ్‌లో సన్నగా ఉండే వణుకు పోయింది. నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాను. దిగాక ఒక్కో చక్రం దగ్గర వంగి చూసి, చేత్తో తడిమారు.

ఒక్క సంగతి మరవకండి. ఈ అలాయ్ వీల్స్‌కు తల కింద గుండ్రంగా ఉన్న పొడుగు బోల్టులు కావాలి. నా డిక్కీలో స్పేర్ ఇంకా స్టీల్ చక్రమే. ఆ పొడుగు బోల్టులతో స్టీల్ చక్రాన్ని వెనక బిగిస్తే బోల్టు చివర లోపలి హ్యాండ్‌బ్రేక్ భాగాలకు తగులుతుంది. అందుకే పాత పొట్టి బోల్టులు ఐదు గుడ్డలో చుట్టి జాకీ పక్కనే పెట్టుకున్నాను.